పాత పడవ, కొత్త రంగు

మా బావమరిదికి పడవ కొనాలన్న కోరిక డాలస్ ఎండల్లో పుట్టింది. లూయిస్‌విల్ లేక్ ఒడ్డున చెట్టు నీడన పులిహోర తింటుంటే, ఎవరో తెల్లాయన పెళ్ళాంపిల్లలతో రయ్యిమని పడవలో వెళ్ళాడట. ఆ సాయంత్రమే నాకు ఫోను. "బావా, మనం గోదావరోళ్ళం. పడవ మన రక్తంలోనే ఉంది."

మా రక్తంలో ఉన్న పడవేదో నాకు తెలుసు. అది నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి దాటించే పంటు. అందులో మేం ఏనాడూ చుక్కాని పట్టిన పాపాన పోలేదు. టికెట్టు కొనడం, మోటార్‌సైకిళ్ళ మధ్య నిలబడడం, అవతలి రేవులో దిగడం.

వాడు చూసిపెట్టింది పద్దెనిమిది అడుగుల రనబౌట్. ముందు నలుగురు కూర్చునే చోటు, మధ్యలో అద్దం, వెనక పెట్టెలాంటి మూత కింద ఇంజను. ఆదివారం చక్కర్లు కొట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు, పనికిరావాలని ఎవరూ అడగరు కూడా. ధర మూడున్నర వేల డాలర్లు. ప్రకటనలో ఫొటోలన్నీ ఎడమవైపు నుంచే తీశారు. నన్ను వెంట రమ్మన్న కారణం నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదవడం. చదివి, జావా రాసుకుంటూ బతుకుతున్నానన్న సంగతి వాడికి పెద్ద అభ్యంతరంగా తోచలేదు.

దారిలో వాడికి ఒకటే చెప్పాను. పాత పడవలో ముందు చూడాల్సింది ఇంజను కాదు, చెక్క.

"ఫైబర్‌గ్లాస్ పడవకి చెక్కేంటి బావా?"

కిటుకంతా అక్కడే ఉంది. 70లు, 80లు, 90ల్లో తయారైన ఇలాంటి పడవల్లో చాలావాటికి పైన ఫైబర్‌గ్లాస్, లోపల ప్లైవుడ్. ఇంజను భారం పడే వెనక గోడని ట్రాన్సమ్ అంటారు, దాని పొట్టలో ఉన్నది ప్లైవుడ్డే. అడుగున పొడవునా వేసే దూలాలు, కాళ్ళ కింద నేల, అన్నీ అంతే. ఏ పుణ్యాత్ముడో ఎక్కడానికి నిచ్చెన బిగిద్దామని స్క్రూ కన్నం పెడతాడు, దానికి సీలెంట్ పుయ్యడం మర్చిపోతాడు. ఆ కన్నంలోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగుతాయి. బయట మెరుపు మెరుపే, లోపల చెక్క మాత్రం నాని పొట్టయిపోతుంది. ట్రాన్సమ్ మార్చాలంటే ఇంజను ఊడదీసి పక్కన పెట్టాలి. ఆ ఖర్చు పడవ ధరని సునాయాసంగా దాటిపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. మా అమ్మమ్మ సంతలో కుండ కొనేముందు వేలి కణుపుతో కొట్టి చూసేది, ఇదీ అలాగే. స్క్రూడ్రైవర్ తిరగేసి పిడితో కొట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్కయితే ఖణ్ మంటుంది, కుళ్ళిందయితే దబ్ మంటుంది. నేను ఎడమ నుంచి మొదలెట్టాను. ఖణ్, ఖణ్, ఖణ్. కుడివైపు కింది మూలకొచ్చేసరికి దబ్. పడవ యజమాని గొంతు సవరించుకున్నాడు. మా బావమరిది మాత్రం, "ఈసారి మెల్లగా కొట్టినట్టున్నావు బావా" అన్నాడు. మనసు పడ్డవాడికి ముందు పోయేది చెవులే.

తర్వాత వెనక వేలాడే డ్రైవ్‌ని కింది కొస పట్టుకుని ఒకరు పైకీ కిందికీ ఊపాలి, ఇంకొకరు ట్రాన్సమ్ కదులుతుందేమో చూడాలి. ఇక నేల పరీక్ష. కార్పెట్ మీద మడమలు ఆనించి అంగుళం అంగుళం నడవాలి. ఈ పనికి మా బావమరిదిని మించిన సాధనం టెక్సాస్‌లో దొరకదు. డ్రైవర్ సీటు వెనక వాడు కాలు మోపిన చోట నేల వినయంగా వంగి, కాలు తీయగానే లేచి నిలబడింది.

"కార్పెట్ మంచి మెత్తగా ఉంది" అన్నాడు.

ఈ లోపల నేను ట్రాన్సమ్ మీద కుడివైపు పైన ఉండే పన్నెండు అక్షరాల నంబరు చదివాను. అమెరికాలో 1972 నవంబరు నుంచి తయారైన ప్రతి పడవకీ అది ఉండాలి. 80ల నడిమి నుంచి వచ్చిన పడవల్లో ఆ నంబరులో చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ప్రకటనలో 1992 అని ఉంది, ఇక్కడ చివర 89 ఉంది. అడిగితే ఆయన ఏమాత్రం తొణక్కుండా, "మేం కొన్నది 92లో" అన్నాడు. వధూవరుల వయసు దగ్గర మనవాళ్ళు చెప్పే సమాధానాలు కూడా ఇంత నున్నగా ఉండవు.

ఇంజను మూత ఎత్తాం. చెయ్యి పెడితే చురుక్కుమంది. "మీరొస్తున్నారని పొద్దున్నే వేసి చూశాను" అన్నాడాయన. మర్యాదస్తుడే, కానీ ఆ మర్యాదే కొంప ముంచుతుంది. ఒకసారి వేడెక్కిన ఇంజను ఎంత ముసలిదైనా తాళం తిప్పగానే పలుకుతుంది. దాని బండారం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఎంతసేపు సతాయిస్తుంది, ఏ రంగు పొగ వదులుతుంది అన్నవి ఇక మాకు తెలిసే దారి లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం రంగు. పడవ 89 నాటిది. వైర్లు, గొట్టాలు, బోల్టులు అన్నీ ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఇంజను బ్లాకుకి ఒకవైపు మాత్రం నిగనిగలాడే కొత్త నల్లరంగు. పెయింట్ వేసే ఓపికే ఉంటే మొత్తం వెయ్యొచ్చుగా?

అప్పుడు వేశాను అసలు ప్రశ్న. "2021 ఫిబ్రవరిలో ఈ పడవ ఎక్కడుందండీ?"

టెక్సాస్‌లో పడవ కొనేవాడు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ ఇంజన్లు చెరువు నీళ్ళనే లోపలికి పీల్చుకుని చల్లబడతాయి. మిన్నెసోటాలో వాళ్ళయితే చలికాలం రాకముందే ఆ నీళ్ళన్నీ వంచేసి యాంటీఫ్రీజ్ పోస్తారు. ఇక్కడ చలి రెండ్రోజుల చుట్టం కాబట్టి చాలామంది ఆ జోలికి పోరు. ఆ ఫిబ్రవరి 16న డాలస్‌లో సున్నాకి కింద దాదాపు పందొమ్మిది డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న పోత ఇనుముకి ఉబ్బడం చేతకాదు, పగులుతుంది. ఆ పగులుకి పైపైన మందు పూసి, రంగేస్తే కంటికి కనపడదు.

ఆయన ఆలోచిస్తున్నట్టు ఆకాశం వైపు చూశాడు. వరండాలో కుర్చీలో కూర్చున్న వాళ్ళావిడ మాత్రం వెంటనే, "ఇక్కడే, ఈ వాకిట్లోనే ఉంది కదా. మంచు కప్పుకుని ఎంత ముద్దొచ్చిందో! ఫొటో కూడా తీశాం" అంది.

ఆయిల్ పుల్ల లాగి చూస్తే పాలరంగు నురగ. నీళ్ళు ఆయిల్లో కలిశాయన్నమాట.

ఇంతటితో ఆగాల్సింది. కానీ ఆయన గర్వంగా ఆల్టర్నేటర్ చూపించాడు. కార్ల స్పేర్ పార్టుల షాపులో సగం ధరకే దొరికిందట. పడవల ఆల్టర్నేటర్, స్టార్టర్ ఖరీదెక్కువ ఉండేది ఊరికే కాదు, లోపలి నిప్పురవ్వ బయటికి రాకుండా వాటిని కట్టుదిట్టం చేస్తారు. కారు కింద పెట్రోలు ఆవిరి గాలికి పోతుంది. పడవ అడుగున మూత కింద అది పేరుకుంటుంది. అందుకే స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ వేసి, ఓసారి వాసన చూడమంటారు. ఈ పడవలో బ్లోయర్ తిరగడం లేదు. వాసన మాత్రం వచ్చింది.

ట్రైలర్ టైరు మీద నాలుగంకెలు 2311 అని ఉన్నాయి. అంటే 2011లో ఇరవైమూడో వారం తయారైందని. టైటిల్ కాగితం "వెతకాలి" అన్నాడు. లేక్‌లోకి దించి చూద్దామా అంటే, "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు. చెట్టు మీద ఆకు కదలడం లేదు.

మా వాడు నన్ను పక్కకి పిలిచి, "ఐదొందలు తగ్గిస్తాడేమో అడగనా?" అన్నాడు.

నేను ఇంజను సంగతి ఎత్తలేదు. పడవా ట్రైలరూ కలిపి సుమారు టన్నున్నర, మీ ఇంట్లో ఉన్నది క్యామ్రీ, ఏం పెట్టి లాగుతావన్నాను. వాకిట్లో పడవ కనిపిస్తే మీ కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఉత్తరం పంపిస్తారు, యార్డులో పెడితే నెలనెలా అద్దె కట్టాలన్నాను. వాడు చలించలేదు. ఆఖరికి, "మీ ఆవిడకి చెప్పావా?" అని అడిగాను. క్యామ్రీ తాళాలు బయటికొచ్చాయి.

నిజానికి ఇలాంటి పడవల్లో మంచివీ ఉంటాయి. ఒక మెకానిక్‌కి గంట కూలి ఇచ్చి సిలిండర్ల కంప్రెషన్ చూపించుకుని, నీళ్ళలో దించి పరుగెత్తించి కొనుక్కున్నవాళ్ళు హాయిగానే తిరుగుతున్నారు. మీకూ ఆ సరదా ఉంటే ఒక్కటి చెయ్యండి. వెళ్ళే ముందురోజే ఫోన్ చేసి, మేమొచ్చేదాకా ఇంజను వెయ్యొద్దని గట్టిగా చెప్పండి. వీలైతే వాళ్ళావిడ ఇంట్లో ఉన్నప్పుడే వెళ్ళండి. మా బావమరిది ఎక్కడైనా కలిసి నా గురించి అడిగితే, ఊళ్ళో లేనని చెప్పండి. వాడిప్పుడు 1994 మోడల్ ఒకటి చూశాడు.