జిగురుకుట్టు

మా మేనకోడలు మొన్న నాకో వీడియో చూపించింది. అందులో ఒక పిల్ల సూది ముట్టుకోకుండా, అయిదు నిమిషాల్లో పట్టుచీరకి ఫాల్ వేసేసింది. చేతిలో గ్లూ గన్. స్కూలు ప్రాజెక్టు కోసం థర్మోకోల్ తాజ్‌మహల్ అతికించడానికి వాడతారే, అదే. అంచు పొడుగునా జిగురు పోసి, ఫాల్ పరిచి, అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. "చూశావా అత్తా, ఇంక టైలరు చుట్టూ తిరగక్కర్లేదు" అంది మా పిల్ల.

నాకూ ముచ్చటేసింది. రేపు రమ్మనే టైలరు ఏ రేపో చెప్పడు కదా! సరేనని గన్ కొన్నాం, దాంట్లోకి జిగురు కడ్డీలు కొన్నాం. ఆ డబ్బుతో ఎన్ని చీరలకు ఫాల్, పీకో అయ్యేవో లెక్కేయబోతే మా పిల్ల నా నోరు మూయించింది. ఐడియాని డబ్బుతో కొలవకూడదట.

ఆ జిగురు కడ్డీ వేడికి కరిగే ప్లాస్టిక్కు. గన్‌లో కరిగినట్టే ఇస్త్రీపెట్టె కిందా కరుగుతుంది, పాపం దానికి పక్షపాతం లేదు. మా పిల్ల తన చీరకి ఫాల్ అతికించి ఇస్త్రీ చేసేసరికి, అది కరిగి జరీ అంచులోంచి పైకి ఊరింది. మిగిలినచోట గట్టిపడి కూర్చుంది. చీర కుచ్చిళ్లు బరువుగా, ఒద్దికగా జారాలనే ఫాల్ వేస్తాం. మా పిల్ల కుచ్చిళ్లు మాత్రం శుభలేఖల కట్టలా నిలబడ్డాయి. చేత్తో కుట్టేవాళ్లయితే ఫాల్‌ని ముందు నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు, ఉతికాక ముడుచుకుపోకుండా. కుట్టేటప్పుడు చీరలో ఒకటి రెండు పోగులే సూదికి ఎక్కిస్తారు, పైకి కనబడకుండా. అయిదు నిమిషాల వీడియోలో ఈ రెండు పోగులకి చోటెక్కడిది?

గ్లూ గన్ నయం. చిరిగిన కాటన్ చొక్కాకి సూపర్ గ్లూ రాయమనే మహానుభావులున్నారు. ఆ జిగురు నూలుగుడ్డలో ఇంకితే చర్య జరిగి వేడి పుడుతుంది. పొగ రావచ్చు, ఒళ్లు కాలవచ్చు. సూది మీద అలిగి చొక్కా తగలబెట్టుకోవడం అంటే ఇదే. ప్యాంటు కాళ్లు మడిచి స్టాప్లర్ కొట్టుకోమనేవాళ్లూ ఉన్నారు. సాయంత్రానికి పిక్కలు గీరుకుపోతాయి, నాలుగు ఉతుకులకి పిన్నులు తుప్పు పడతాయి.

ఒకదాన్ని ఇంకోదానికి వాడటం తప్పని ఎవరన్నారు? అరిగి పల్చబడ్డ సబ్బుముక్కతో గుడ్డ మీద గీత గీయని టైలరు లేడు, ఉతికితే పోతుంది గనక. మొరాయించే జిప్పుకి కొవ్వొత్తి రుద్దితే దారికొస్తుంది. నైలాన్ రిబ్బను కొస పీచు లేస్తే మా అమ్మ వెలిగే అగరుబత్తి తాకించి ఆపేది (దేవుడి ముందు నుంచి తీసుకున్నదే, ఆయనేమీ అనుకోలేదు). నేల మీద చెల్లాచెదురైన గుండుసూదుల్ని ఫ్రిజ్ మీది అయస్కాంతం ఏరిపెడుతుంది. వీటిలో ఏదీ కుట్టుకి బదులు రాదు, కుట్టేవాళ్ల చేతికి సాయం వస్తుంది.

లంగాకి బొందు ఎక్కించే పిన్నీసు సంగతే చూడండి. దానికి 1849లో పేటెంటు తీసుకున్నవాడు వాల్టర్ హంట్ అనే అమెరికావాడు. ఆ హక్కులు 400 డాలర్లకే అమ్మేసుకున్నాడు. అంతకు ముందే, 1830ల్లో, కుట్టుమిషను కూడా చేశాడు గానీ అప్పట్లో దానికి పేటెంటు జోలికి పోలేదు. మిషనొస్తే చేతికుట్టు ఆడవాళ్ల నోటికాడి కూడు పోతుందని వెనక్కి తగ్గాడంటారు. గ్లూ గన్ వల్ల అలాంటి భయమేమీ అక్కర్లేదని ఆయనకి చెప్పేవాళ్లు లేకపోయారు.

ఎందుకంటే చివరికి ఆ చీర పట్టుకుని మా టైలరు దగ్గరికే వెళ్లాం. అతను అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు, గోటితో గీకాడు, కళ్లజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, ఇది కుట్టడానికి తెచ్చారా, ఒలవడానికి తెచ్చారా? ఒలవడానికి రేటు వేరు."

"ఎప్పటికిస్తావయ్యా?"

"రేపు రండి."