అయిదుతో భాగించిన నెత్తురు

లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ఎనిమిది వరసలు కనిపిస్తే ఎనిమిది పరీక్షలు చేశారనుకుంటాం. చాలా ల్యాబుల్లో మిషను కొలిచేవి మూడే: మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. తక్కిన అయిదూ మూడో తరగతి లెక్కలు. డాక్టరు సున్నా చుట్టిన ఎల్‌డీఎల్, మనం భయపడి నెయ్యి మానేసిన ఎల్‌డీఎల్, ఆ అయిదింట్లోదే!

కొలిచినవాటికి వంక పెట్టను. సీరంలో ఎంజైములు పడితే కొలెస్టరాల్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, దానితో గులాబీ రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే కొలెస్టరాల్ అంత. (వెనకటి రోజుల్లో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి పచ్చరంగు కోసం చూసేవారు. చొక్కాలకు గండం.)

ఎల్‌డీఎల్ కథ వేరు. దాన్ని విడదీయాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజులో గంటల తరబడి తిప్పాలి. అంత ఓపిక ఎవరికి? 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే అమెరికన్లు అడ్డదారి చూపారు. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే వీఎల్‌డీఎల్ అనే ఇంకో వాటా. దాన్నీ హెచ్‌డీఎల్‌నూ మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది ఎల్‌డీఎల్. పరగడుపున రావాలి, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు అని షరతులూ పెట్టారు. షరతులు దారిలో ఏ సముద్రంలో జారిపోయాయో గానీ, భాగహారం మాత్రం క్షేమంగా మన సందు చివరి ల్యాబుకు చేరింది.

ఒక పెద్దమనిషికి మొత్తం 210, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 150 అనుకోండి. ఎల్‌డీఎల్ 140. ఆయనే పెళ్లి బిర్యానీ లాగించి వెళ్లాడు, ట్రైగ్లిజరైడ్లు 300కి ఎగిరాయి. ఎల్‌డీఎల్ 110! బిర్యానీ చెడ్డ కొలెస్టరాల్‌ను పూటలో 30 తగ్గించింది. ఏ మాత్రకుందండీ ఇంత మహిమ? ట్రైగ్లిజరైడ్లు 900 అయితే ఎల్‌డీఎల్ మైనస్ 10. అంటే ఆయన రక్తం కొలెస్టరాల్‌కు బాకీ పడిందన్నమాట.

ఆ 5 అందరికీ ఒకటే సరిపోదని 2013లో మార్టిన్ బృందం మెరుగైన లెక్క ఇచ్చింది. మన కంప్యూటర్లలో చాలావాటికి ఆ కబురింకా అందలేదు.

పైగా ఆ పెద్దమనిషి మొదటి రిపోర్టులో నిష్పత్తులు: మొత్తాన్ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే 5.25, ఎల్‌డీఎల్‌ను భాగిస్తే 3.50. దశాంశాలతో సహా! కిరాణా కొట్టతను పప్పూ ఉప్పూ అమ్మి, ‘పప్పు భాగించు ఉప్పు’ అని చిట్టాలో ఇంకో వరస రాస్తే ఊరుకుంటామా? గుండెజబ్బు పేరు చెబితే ఊరుకుంటాం.

ఈసారి రిపోర్టు రాగానే ఎల్‌డీఎల్ పక్కన చూడండి. ‘క్యాలిక్యులేటెడ్’ అని ఉండి, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే, నేరుగా కొలిచే డైరెక్ట్ ఎల్‌డీఎల్ పరీక్ష చేయమని అడగండి.