లెక్క తప్పని దీపం

నేను ఫైబర్ పడవను. అచ్చులో గాజుపీచు పరిచి, రెజిన్ పూసి నన్ను తయారుచేశారు. నా ముందుతరం వాళ్లు దుంగలు కలిపి కట్టిన తెప్పలు. వాళ్ల ఒంట్లో కొయ్య వాసన, నా ఒంట్లో డీజిల్ వాసన. లారీ ఎక్కి, ముత్తుకూరు సెంటర్ దాటి, రొయ్యల గుంటల మధ్య రోడ్డున కృష్ణపట్నం తీరానికి చేరాను. ముక్కుకు పసుపు పూసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి తోశారు.

మా తీరానికి కొండల్లేవు. విశాఖలో డాల్ఫిన్ నోస్ సముద్రంలోకి ముక్కు చాచుకుని నిలబడి ఉంటుంది. రాత్రి దానిమీది లైట్‌హౌస్, పగలు ఆ కొండే గుర్తు. మాకు ఆ భాగ్యం లేదు, అంతా బల్లపరుపు ఇసుక. నాలో నిలబడ్డ మనిషి కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకోండి, 5 కిలోమీటర్లు పోయేసరికి గట్టు మునిగిపోతుంది. ఆ తర్వాత కాసేపు సరుగుడు తోపుల తలలు కనిపిస్తాయి. అవీ పోతే నీళ్లే. కొండ లేనిచోట ఎత్తును మనిషే కట్టుకోవాలి. దీపం 30 మీటర్ల ఎత్తున ఉంటే అదే కంటికి దాదాపు 25 కిలోమీటర్ల దాకా ఆనుతుంది. కృష్ణపట్నానికి లైట్‌హౌస్ ఎందుకంటే ఇందుకే.

రాళ్లు లేవు కదా, భయమేముందని అనుకోవద్దు. మా గండం నీటికింది ఇసుక. దక్షిణాన దుగరాజపట్నం ఎదుట ఆర్మగాన్ మేట ఉంది, పెద్ద ఓడలు కూడా దూరంగా తప్పుకుపోతాయి. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడే వర్తక స్థావరం పెట్టింది. 1639లో మద్రాసులో చోటు దొరికాక అటు సర్దుకుంది. మేట మాత్రం ఎటూ పోలేదు. ఇక మా కండలేరు మొగ దగ్గర ఇసుక ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు.

ఒక కార్తీకమాసపు రాత్రి వేటలో ఉండగా వాన పట్టుకుంది. జీపీఎస్ బ్యాటరీ చచ్చిపోయింది.

“మామా, యాడుండాం?” అన్నాడు కుర్రాడు.

పడమట ఆకాశం పచ్చగా వెలుగుతోంది. అది 2008లో తెరిచిన పోర్టు వెలుగు. నేలటూరు థర్మల్ పొగగొట్టాల మీద ఎర్రదీపాలు. ఒకప్పుడు ఈ గట్టున ఒక్క దీపం కనబడితే చాలు, ఇప్పుడు దీపాల్లో దీపాన్ని వెతుక్కోవాలి.

“కదలకుండా ఉండేవాటిని చూడబాకరా. కొట్టి ఆగేదాన్ని చూడు,” అన్నాడు పెద్దాయన. నా అంచుమీద వేలితో తడుతూ లెక్కపెట్టాడు. మెరుపు, చీకటి, మళ్లీ మెరుపు. ఏ లైట్‌హౌస్ లెక్క దానిది. పక్కపక్కన ఉన్న రెండింటికి ఒకే లెక్క ఇవ్వరు. లెక్క కలిసింది.

కుర్రాడు నా ముక్కును సూటిగా దీపం మీదికి తిప్పబోయాడు.

“అట్టా పోతే ఇసకెక్కుతాం. దాన్ని పక్కన పెట్టుకోని పోవాల!”

రమ్మని పిలిచే దీపం కాదది. నువ్వెక్కడ ఉన్నావో చెబుతుంది, అంతే. దారి చూసుకోవడం మన పని.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ ఇంజను పడవలకు వేట నిషేధం. నన్ను గట్టున బోర్లిస్తారు. లైట్‌హౌస్ చూడ్డానికి వచ్చినవాళ్లు నాకు ఆనుకుని ఫొటోలు దిగుతారు. “ఫోన్‌లోనే మ్యాప్ ఉంటే ఇంకా ఇదెందుకు?” అంటారు. పొద్దుగూకేదాకా ఉండి, ఆ మెరుపుల మధ్య చీకటిని ఒకసారి లెక్కపెట్టి చూడండి.

మావాళ్లు జీపీఎస్‌కు కొత్త బ్యాటరీ కొన్నారు. దీపాన్ని లెక్కపెట్టడం మాత్రం మానలేదు. రెండూ ఒకే మాట చెబితే మొగలోకి తిరుగుతాం. చెరో మాట చెబితే లంగరు వేసి తెల్లారేదాకా ఆగుతాం. చేపలు కాస్త మెత్తబడతాయి, బేరం తగ్గుతుంది. పోతే పోయింది, మనుషులు ఇంటికి చేరతారు.