స్టేబుల్ బాబాయి

ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం ఎక్కడుందో స్టేబుల్ బాబాయిని అడగండి. "ఇంకెక్కడ? మన ఖరగ్‌పూర్‌లోనే. 1072 మీటర్లు" అంటాడు తడుముకోకుండా. ఆ రికార్డును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి పట్టుకుపోయాయి. బాబాయి దగ్గర ఆ రెండు అప్‌డేట్లూ ఇంకా పెండింగే.

తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాల్లో ఇలాంటివాళ్లు వీధికొకరు తగులుతారు. సిగ్నల్ డిపార్టుమెంటులో రిటైరై, మలంచాలో ఇల్లు కట్టుకుని, మేడమీద గదిలో పాత కంప్యూటరుకి డెబియన్ అనే లినక్స్‌లో స్టేబుల్ రకం ఎక్కించుకున్న శాల్తీ మా బాబాయి. గోల్‌బజారులో కొత్త పకోడీల కొట్టు పెడితే "ఓ వానాకాలం గడవనీ, చూద్దాం" అంటాడు.

డెబియన్ పద్ధతే ఆయనకి తగ్గట్టు ఉంటుంది. కొత్త సరుకు ముందు 'సిడ్' అనే అన్‌స్టేబుల్‌లో దిగుతుంది. 'టాయ్ స్టోరీ' సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే కుర్రాడి పేరది, తెలిసే పెట్టారు. అక్కడ కొన్నాళ్లు బతికి బట్టకట్టింది టెస్టింగుకి వెళ్తుంది. దాన్నీ కొన్ని నెలలు బిగించి ఉంచి, సుమారు రెండేళ్లకోసారి స్టేబుల్‌గా వదులుతారు. ఆ తర్వాత వెర్షన్లు దాదాపుగా కదలవు. ఎక్కడైనా కన్నం బయటపడితే పాతదానికే మాటు వేస్తారు. ఫైర్‌ఫాక్స్ మాత్రం ఏడాదికోసారి వేషం మార్చుకొస్తుంది. ఆ రోజు బాబాయి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

స్టేబుల్ వచ్చింది కదా అని వెంటనే దూకే రకం కూడా కాదు. ట్రిక్సీ అనే స్టేబుల్ 2025 ఆగస్టు 9న విడుదలైతే, సెప్టెంబరులో దాని సవరణ 13.1 వచ్చేదాకా దాని ముఖం చూడలేదు.

సిడ్ వాడే మేనల్లుడొకడున్నాడు. "మావయ్యా, నీ సాఫ్ట్‌వేర్‌ని మ్యూజియంలో పెట్టాలి" అంటాడు.

"పెట్టరా బాబూ. మ్యూజియంలో ఏదీ హ్యాంగవదు."

2024 మార్చి 29న బాబాయి పంట పండింది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ఆ రోజు లోకానికి తెలిసింది. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే బయటపడిందది. సిడ్‌లోకీ టెస్టింగులోకీ చొరబడింది గానీ స్టేబుల్ గడప తొక్కలేదు. బాబాయి దగ్గరున్నది 5.4.1. మర్నాడు సాయంత్రం రసగుల్లాల కుండ పట్టుకుని మేనల్లుడి ఇంటికెళ్లాడు. పరామర్శకట.

మేనల్లుడూ తక్కువ తినలేదు. 2006లో డెబియన్ వాళ్లే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే రహస్యలిపి సాధనాన్ని సర్దబోయి తాళాలన్నీ ఊహించి తీసేంత బలహీనం చేశారనీ, 2008 మే దాకా స్టేబుల్ కూడా ఆ జబ్బుతోనే తిరిగిందనీ గుర్తుచేశాడు. అప్పుడు బాబాయికి చెవులు సరిగా వినిపించవు.

మార్పంటే భయమా అంటే మాత్రం భగ్గుమంటాడు. "2017 నవంబరులో మన యార్డులో పాత రిలేలు తీసి 800 రూట్ల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. ముందే చెప్పి, బళ్లు రద్దు చేసి, పరీక్షలు చేశాకే ఇచ్చారు. నడుస్తున్న బండి కింద పట్టా మార్చలేదురా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నా పేచీ బాబాయితో కాదు, ఆయన పేరు చెప్పుకుని ఏళ్ల తరబడి అప్‌డేట్ బటనే నొక్కని శిష్యులతో. బాబాయి భద్రతా సవరణలు వచ్చిన రోజే వేసుకుంటాడు; వీళ్లు చేసేది ఒట్టి బద్ధకం. ఇంకా ట్రిక్సీకి ముందటి స్టేబుల్ బుక్‌వర్మ్ మీదే ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి: దానికి మామూలు భద్రతా సాయం 2026 జూన్ వరకే, ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సాయం) వాళ్ల సాయం 2028 జూన్ వరకు.