రెండేళ్ల గుర్రం, పుట్టగొడుగుల పొడి

పుట్టగొడుగుల పొడి పందెపు గుర్రం దాణాలో కలిపేది. కుదుటపడేది మాత్రం యజమాని మనసు. రేషీ, కార్డిసెప్స్, షిటాకే వంటి వాటిని ఎండబెట్టి, దంచి, డబ్బాల్లో నింపుతారు. రోగనిరోధక శక్తి పెరుగుతుందని, ఊపిరితిత్తులకు బలమని, కడుపుకు మేలని డబ్బా చెబుతుంది. తిన్న గుర్రం ఏమీ చెప్పదు. ఈ వ్యాపారానికి అదే పెట్టుబడి.

ఇన్ని పనులూ చేస్తుందనే పదార్థం పేరు బీటా గ్లూకాన్. అది శిలీంధ్రాల కణగోడలో ఉండే చక్కెరల గొలుసు. దాన్ని తాకగానే తెల్ల రక్తకణాలు ఏదో శత్రువు చొరబడిందనుకుని నిద్ర లేస్తాయి. గాజు పళ్లేల్లోనూ ఎలుకల్లోనూ ఇది కనబడిన సంగతే. అయితే గాజు పళ్లెం ఇంతవరకు ఏ డెర్బీలోనూ పరిగెత్తలేదు. గుర్రాల మీద జరిగిన పరిశీలనలు కొద్ది, వాటిలో పాల్గొన్న గుర్రాలు ఇంకా కొద్ది. దాణాలోని ఓట్స్, బార్లీల్లోనూ బీటా గ్లూకాన్ ఉంది. దాని అల్లిక వేరని అమ్మేవాళ్లు అంటారు, నిజమే. పుట్టగొడుగు అల్లికకు దగ్గరిది రొట్టెల ఈస్టులో చవగ్గా దొరుకుతుంది. కానీ ఈస్టు పొట్లం మీద హిమాలయాల బొమ్మ నప్పదు.

ఇక గుర్రం సంగతి. ఉత్తరార్ధగోళంలో పుట్టిన థరోబ్రెడ్లన్నిటికీ రికార్డుల్లో పుట్టినరోజు జనవరి 1. మే నెలలో పుట్టిన పిల్లకూ అదే. ఆ లెక్కన రెండేళ్లు నిండగానే పందెం మైదానానికి పనికొస్తుంది. ఎముకలకు మాత్రం ఈ పంచాంగం తెలియదు. ముంగాలి ఎముకల ఎదుగుదల అప్పటికింకా పూర్తి కాదు, వెన్నెముకకు మరికొన్నేళ్లు పడుతుంది. అందుకే కుర్ర గుర్రాలకు ముంగాలి ఎముక ముందుభాగం వాచి నొప్పి పుడుతుంది. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది; రోజంతా గడ్డి మేసే జంతువుకు అది సరిపోయిన ఏర్పాటు. కొట్టంలో కట్టేసి పూటకింత గింజలు పెడితే కడుపులో పుండ్లు పడతాయి. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో నూటికి తొంభై దాకా ఈ పుండ్లు కనబడిన పరిశీలనలున్నాయి. పచ్చిక పెంచడం, గింజలు తగ్గించడం, పని నెమ్మదిగా నేర్పడం ఈ రెంటికీ నివారణ. ఇవేవీ డబ్బాలో పట్టవు.

మరో చిక్కుంది. అశ్వపందేల అంతర్జాతీయ సమాఖ్య ఒప్పందంలో 6వ అధికరణం నిషిద్ధ పదార్థాలను నిర్వచిస్తుంది. నాడులు, గుండె, శ్వాస, జీర్ణం మొదలైన శరీర వ్యవస్థల్లో దేనిమీదనైనా ప్రభావం చూపగలిగిందల్లా నిషిద్ధమే. రోగనిరోధక వ్యవస్థ కూడా ఆ జాబితాలో ఉంది. మినహాయింపు అనుమతి పొందిన టీకాలకే. అంటే డబ్బా మీది మాటలు అక్షరాలా నిజమైతే, ఆ పొడి తిన్న గుర్రం పందెం రోజున చిక్కుల్లో పడాలి. నిర్భయంగా తినిపిస్తున్నారంటే ఆ మాటల మీద నమ్మకం ఎంతో తెలుస్తూనే ఉంది. గెలిచిన గుర్రం మూత్రాన్ని పరీక్షకు పంపడం మామూలే. ఓడిన యజమాని జేబును పరీక్షించే పద్ధతి ఇంకా రాలేదు.

ఇక మన వైపు చూస్తే, శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో ఈ పొడికి గిరాకీ లేదు, పందెపు మైదానమే లేదు గనక. తెలుగునాట పేరున్న మైదానం హైదరాబాదు మలక్‌పేటలో, ఏడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఆరో నిజాం కాలంలో, 1886లో పందేలు మౌలాలి నుంచి అక్కడికి మారాయి. ఈ జిల్లాలో తొలకరికి పుట్టల మీద మొలిచిన పుట్టగొడుగులు సంతకొచ్చి, సాయంత్రానికి కూరై, రోగనిరోధక శక్తి ప్రస్తావన లేకుండానే అరిగిపోతాయి. పైగా ప్రాచీన కళింగం ఏనుగుల సీమ. ఇక్కడి రాజుకు అరవై వేల కాల్బలం, వెయ్యి గుర్రాలు, ఏడు వందల ఏనుగులు ఉండేవని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. కళింగపు ఏనుగులు మేలైనవన్న కౌటిల్యుడు గుర్రాల కోసం కాంభోజం, సింధు వైపు చూశాడు.

ఆ కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గుర్రాల దాణా పట్టీ వివరంగా ఉంది. పిల్లకు ఆరు నెలల దాకా పాలు, నెయ్యి కలిపిన పిండి. మేలుజాతి పెద్ద గుర్రానికి గింజలు, నూనె, ఉప్పు, మాంసం, పెరుగు, చివరికి మద్యం కూడా. పుట్టగొడుగు ఊసు లేదు. గుర్రం పనికి వచ్చే వయసు నాలుగేళ్లో, అయిదేళ్లో అని అందులోనే ఉంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత ఖర్చు గురించి. కౌటిల్యుడి చూపు ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్న దాని మీద. వైద్యం, మందుల లోపంతో రోగం ముదిరితే వైద్యుడికి చికిత్స ఖర్చుకు రెట్టింపు జరిమానా. అతడి తప్పు వల్ల గుర్రం చస్తే గుర్రం ఖరీదంతా కట్టాలి. పుట్టగొడుగుల పొడికి ఈ జరిమానా వర్తించదు. అది మందు కాదు, అనుబంధ ఆహారం.