రోజూ రాసుకోవడానికేనండీ!

ఫౌంటెన్ పెన్నుల ఉపాసకుణ్ణి ఎవరినైనా పట్టుకుని, "ఇన్నెందుకు స్వామీ?" అని అడిగి చూడండి. తడుముకోడు. "రోజూ రాసుకోవడానికేనండీ!" అంటాడు. స్టాంపులు పోగేసేవాడు ఉత్తరాలు వేయడానికని బుకాయించడు. పాత నాణేలు దాచుకునేవాడు కూరగాయలు కొనడానికని చెప్పడు. పెన్నులవాడికే ఈ సాకు కావాలి. సరే, ఏం రాస్తారు, ఎవరికి రాస్తారు అని రెండో ప్రశ్న వేశారంటే మాత్రం మీకు మర్యాద తెలియదన్నమాట.

నేను వేశాను. ఆ పెద్దమనిషి కించపడకుండా నోట్‌బుక్కు తెచ్చి చూపించారు. జపాను కాగితం. చదరపు మీటరు 52 గ్రాములే తూగుతుందట, పీల్చకుండా సిరాని పైపైనే నిలుపుతుందట. మొదటి పేజీలో 'శ్రీరామ', దాని కింద పెన్ను పేరు, పాళీ సైజు, సిరా పేరు, తారీఖు. రెండో పేజీలో ఇంకో పెన్ను పేరు, ఇంకో సిరా పేరు. చివరిదాకా అంతే. పెన్ను తన గురించి తనే రాసుకున్న ఆత్మకథ అది. మధ్యలో ఒకచోట 'పాలు, కొత్తిమీర, రెండు కొబ్బరికాయలు' అని కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. అది వాళ్ళావిడ రాసుకున్నదట, బాల్ పెన్నుతో.

ఈ విద్యలో పాత పెన్నుల శాఖ ఒకటుంది, అక్కడ తర్కం మరీ తలకిందులు. పార్కర్ 51 అని 1941లో బజారుకొచ్చిన పెన్ను. పాళీ బయటికి కనపడకుండా ముక్కు మూసుకుని ఉంటుంది. దాన్ని అనుకరించిన చైనా హీరో పెన్నులు మన ఇళ్ళలో పదో తరగతి పాసైన ప్రతివాడి జేబులోనూ వెలిగాయి. సరే, అసలు పార్కర్ కొనాలంటే ఏది గొప్ప? రాసి రాసి అరిగినది కాదు. కొన్నవాడి పేరు దానిమీద చెక్కి ఉంటే ధర పడిపోతుంది. తయారైన నాడు కంపెనీ వేసిన సుద్ద గుర్తు చెరగకుండా, సిరా చుక్క ముట్టకుండా ఉన్నదానికే పట్టాభిషేకం. అంటే ఎనభై ఏళ్ళపాటు ఎవడూ ఒక్క అక్షరమైనా రాయని పెన్నుని, రోజూ రాసుకోవడానికి కొంటారు. కొన్నాక రాస్తారా? సుద్ద గుర్తు చెరిగిపోదూ!

రాస్తున్నకొద్దీ పాళీ మన చేతివాటానికి ఒదుగుతుందన్నది వీళ్ళకు వేదవాక్కు. ఒదగదని నేననను. కాని పాళీ కొనన అంటించే ఆ చిన్న పూస మహా గట్టి మిశ్రమలోహం, అరగాలంటే ఏళ్ళ తరబడి వదలకుండా రాయాలి. (ఇరిడియం అని పాళీ మీద ముద్ర ఉంటుంది గాని, ఈ రోజుల్లో చాలావాటిలో ఇరిడియం ఉండదు. ఆ ముద్రని నమ్మడం కూడా ఉపాసనలో భాగమే.) మా పెద్దమనిషికి నలభై పెన్నులు. వంతులవారీగా వాడతారు కనుక ఒక్కోదానికి ఏడాదికి తొమ్మిది రోజులు దక్కుతాయి. అందులో ఒక రోజు కడగడానికి, ఒక రోజు ఆరబెట్టడానికి. ఈ లెక్కన పాళీ ఆయన చేతికి ఒదిగేసరికి ఆయన మునిమనవడు పెన్షను తీసుకుంటూ ఉంటాడు.

సిరాల సంగతి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. మన చిన్నప్పుడు సిరా రెండు రంగులు: నీలం, నలుపు. బ్రిల్లో చెల్‌పార్కో బుడ్డి కొట్టుకెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. ఎర్రసిరా మాస్టారిది, ఆకుపచ్చది గెజిటెడ్ ఆఫీసరుది, అడిగేవాడు లేడు. ఇప్పుడు పైలట్ కంపెనీ ఇరోషిజుకు సిరాల్లో వెన్నెల రాత్రి ఒక రంగు, కొండ ద్రాక్ష ఒక రంగు, వెదురు బొగ్గు ఒక రంగు. వెన్నెల రాత్రితో రాస్తే ఏం రాసినా కవిత్వమే అవ్వాలి మరి. నేను చూసినంతలో దానితో రాసింది 'వెన్నెల రాత్రి' అన్న రెండు మాటలే.

అన్నిట్లోకీ నాకు జాలేసేది ఫ్లెక్స్ పాళీల మీద. నొక్కితే రెండు రెక్కలూ విచ్చుకుని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. ఇంగ్లీషు రాతకి పుట్టిన వగలు అవి. అక్కడ చెయ్యి కిందికి దిగేటప్పుడు లావు, పైకెక్కేటప్పుడు సన్నం. ఎక్కేటప్పుడు నొక్కారో, పాళీ కాగితంలో దిగబడుతుంది. మన అక్షరాలేమో గుండ్రాలు, అన్ని దిక్కులకీ తిరుగుతాయి. గంటంతో గీతలు గీస్తే తాటాకు చీలుతుందని ఇలా చుట్టలు చుట్టుకున్నాయంటారు. అలాంటి 'ఠ'ని విక్టోరియా రాణి కాలపు పాళీతో ఒలికించబోతే అది గిర్రున తిరిగి సిరా చిమ్ముతుంది. పోనీ లావుపాటి పాళీతో 'రాష్ట్రం' అని రాయండి. ష కింద ట వత్తు, దాని పక్కన ర వత్తు, మూడూ కలిసి ఒకే మడుగు. ఉమ్మడిగా ఉన్నప్పుడూ అంతే, విడిపోయాకా అంతే. తెలుగు రాయాలంటే సన్నపాళీ మేలు. అందులోనూ జపాను వాళ్ళ సన్నం ఐరోపా సన్నం కంటే సన్నం. ఈ ముక్క ఎవరూ చెప్పరు, చెబితే మిగతా ముప్ఫైతొమ్మిది పెన్నులూ ఎందుకని అడుగుతారని.

దస్తూరీ బాగుపడుతుందన్నది ఆఖరి అస్త్రం. బాల్ పెన్ను పడితే చేతిరాత చెడుతుందని బళ్ళో మాస్టార్లు చెవి మెలిపెట్టి మరీ చెప్పిన మాటే, ఇప్పుడు పదివేల రూపాయల బిల్లుకి సమర్థన. దీనికి నా దగ్గర రాజమండ్రి జవాబుంది. స్వదేశీ వస్తువు ఏదైనా తయారుచెయ్యమన్న గాంధీజీ మాట పట్టుకుని, కె.వి. రత్నం గారు అక్కడ పెన్ను చేసి, గాంధీజీ అనుచరుడు కుమారప్ప గారి ద్వారా ఆయనకు పంపారు. 1935లో గాంధీజీ జవాబు రాశారు. పెన్ను పంపినందుకు కృతజ్ఞతలు, వాడి చూశాను, బజార్లో కనిపించే విదేశీ పెన్నులకు బదులుగా బాగానే ఉన్నట్టుంది అన్నది సారాంశం. పెన్ను మీద ఇంతకు మించిన సమీక్ష నేను చదవలేదు. పాళీ కొలత లేదు, సిరా ఛాయ లేదు, అట్టపెట్టె విప్పే ముచ్చట లేదు. 'వాడి చూశాను' అని ఉంది. ఇప్పటి సమీక్షల్లో దొరకనిది ఆ ముక్కే. ఇక దస్తూరీ అంటారా, తన చేతిరాత బాగోదని ఆత్మకథలో వాపోయిన మనిషి ఆయన. రత్నం పెన్ను పట్టాక అక్షరాలు ముత్యాలైన దాఖలా లేదు. రాయవలసింది ఉంది కాబట్టి రాశారు, అంతే.

ఆ గాంధీ పేరుతోనే మోంబ్లాంక్ కంపెనీ 2009లో ఒక పెన్ను దించింది. దండికి నడిచిన 241 మైళ్ళకి గుర్తుగా 241 పెన్నులు. బంగారు పాళీ మీద కర్ర పట్టుకు నడుస్తున్న బాపూ బొమ్మ. రాట్నం నూలుకి గుర్తుగా ఒంటినిండా బంగారు తీగ. ధర 11 లక్షలకు పైమాటే. కేరళ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక 2010లో మనదేశంలో అమ్మకం ఆపేశారు. ఉప్పు మీద పన్ను కట్టనన్నవాడి పేరున ఆ పెన్ను కొన్నవాళ్ళు దానితో ఏం రాసుకున్నారో తెలుసుకోవాలని నాకు మహా కోరిక. చెక్కు మీద సంతకం తప్ప ఇంకేదీ ఊహకి అందడం లేదు.

రాజమండ్రి ఎబొనైట్ పెన్నుని మాత్రం నేనేమీ అనను. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుని లేతు మీద చేత్తో తిప్పి చేస్తారు. చేతిలో పట్టుకుంటే చల్లగా తగలదు, జారదు. డ్రాపరుతో కడుపునిండా సిరా పోసుకోవచ్చు, నెలాఖరుదాకా చూసుకోనక్కర్లేదు. అడుగంటే ముందు ఒక దుర్గుణం చూపిస్తుంది. చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, ఉన్నట్టుండి ఒక బొట్టు కక్కుతుంది. నిజంగా రాసేవాడికి ఈ సంగతి తెలుసు, ముందే నింపుకుంటాడు. పేరు రాసి మూత పెట్టేసేవాడి పెన్ను కక్కే దశదాకా వెళ్ళదు, ఎండిపోతుంది.

ఇంతకీ నిజంగా రాయవలసిన అవసరం పడినప్పుడు మా పెద్దమనిషి ఏం చేస్తారో ఈమధ్యే చూశాను. ఇన్సూరెన్స్ కౌంటరు దగ్గర మూడు కాపీల ఫారం ఇచ్చారు, మధ్యలో కార్బన్లు, పైన 'గట్టిగా నొక్కి రాయండి' అన్న ఆజ్ఞ. ఆయన జేబులో బంగారు క్లిప్పు ధగధగలాడుతోంది. పక్కనున్న కుర్రాడివైపు వంగి, "బాబూ, బాల్ పెన్నుందా?" అన్నారు. కుర్రాడు ఆ జేబుకేసి చూసి, "మీ దగ్గరుంది కదండీ" అన్నాడు.

"ఇదా? మూత తీస్తే ఆరిపోతుంది నాయనా."