ఒక్క రాత్రిలో చిమ్మటల పండితులవడం ఎలా?

మారేడుమిల్లి అడవిలో ఎన్ని రకాల చిమ్మటలున్నాయో తేల్చాలని బుద్ధి పుట్టిందా? ముందు పంచాంగం తీసి పున్నమి ఎప్పుడో చూసుకోండి. అమావాస్య చీకట్లో అవి దీపానికి మరీ ఎక్కువగా వచ్చిపడతాయి, రాయలేక చేయి నొప్పి. పున్నమినాడైతే ఏ నాలుగో వస్తాయి. భోజనం వేళకి ఇంట్లో ఉంటారు.

కొందరు తెల్లదుప్పటి కట్టి, ముందు మెర్క్యురీ బల్బు వెలిగించి తెల్లారేదాకా జాగారం చేస్తారు. మీకెందుకు? నల్ల కంబళి కట్టి, పసుపు ఎల్‌ఈడీ పెట్టి తొమ్మిదింటికి ఆర్పేయండి. బెల్లంలో మగ్గిన అరటిపండు పిసికి చెట్టు మొదళ్లకు పూస్తే దీపానికి రానివీ వస్తాయంటారు. ఆ పండు మీరే తినండి.

ఇక గుర్తుపట్టడం. అరచేతిని మించినదల్లా అట్లాస్ చిమ్మటే. రెక్కలొచ్చాక దానికి నోరే పనిచేయదు, తిండి ముట్టదు. అయినా బీరువాలో పట్టుచీర కొరికింది అదేనని ఇంట్లో చెప్పండి. (కొరికేది వేరే బుల్లి జాతుల పిల్లపురుగులు. వాటిని ఎవరు చూడొచ్చారు?) వీపు మీద పుర్రె బొమ్మతో, పట్టుకుంటే కీచుమనేది ఒకటుంది, తేనెపట్టులో దూరి తేనె తాగుతుంది. దాన్ని అపశకునమని రాసి, జాతి గడి ఖాళీగా వదిలేయండి. పట్టపగలు కందిరీగ వేషంలో తిరిగేవాటిని కందిరీగల లెక్కలో కలిపేయండి.

ముక్కుపొడి రంగువన్నీ ఒకటే. రెక్కల గీతలు, మీసాలు, వాలిన తీరు చూడమంటారు. అవన్నీ చూశాక కూడా కొన్ని జాతులు తేలవట. పొట్ట చివర జననాంగాలు విడదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలట. మర్యాదస్తులు చేసే పనేనా?

నందివర్ధనం ఆకు తింటూ, తోక దగ్గర కొమ్మున్న గొంగళిపురుగు కనిపిస్తే పెంచి చూడకండి. అది ఏ పచ్చరెక్కలతో బయటికొస్తుందో ఒక్కసారి చూశారంటే ఇక మందు కొట్టబుద్ధి కాదు.

పుస్తకం కావాలా? 1892 నుంచి 1896 దాకా హాంప్సన్ దొర నాలుగు సంపుటాలు అచ్చేశాడు. ఆ తర్వాత పేర్లు చాలా మారాయి. మీరు మాత్రం మార్చకండి. తేదీ, చోటు, ఎత్తు కూడా రాయొద్దు. రాస్తే వచ్చే ఏడు ఎవరో ఒకరు అక్కడికే వెళ్లి సరిచూస్తారు.

ఈ పద్ధతిలో తెల్లారకముందే జాబితా పూర్తవుతుంది. మన అడవిలో చిమ్మటలు మూడే రకాలు: పెద్దవి, ముక్కుపొడి రంగువి, ఫొటోలో పడనివి.